పాత కార్లు - చక్రములలోని గాలి

అంబాసిడరు కారు చక్రములలో ఎన్ని పౌండ్ల గాలి ఉండవలెను? ఈ ప్రశ్నను గోదావరిఖని చౌరస్తాలో నలుగురిని అడిగినచో నాలుగు సమాధానములు వచ్చును. పంక్చరు దుకాణములోని కుర్రవాడు ముప్పదియైదు పాయింట్లు అనును. ఈనాటి చిన్న కార్లకు అతడు ప్రతిదినమును అంతే కొట్టుచున్నాడు. పాత డ్రైవరు ఇరువదినాలుగు అనును. ప్రక్కన నిలుచున్న పెద్దమనిషి, ఇది ఎండకాలము గనుక ఇంకను తగ్గించుమని సలహా చెప్పును. టైరు ప్రక్కగోడమీది అక్షరములను వంగి చదివిన విద్యార్థి నలువదికి పైబడిన సంఖ్య నొకదానిని చెప్పును. వీరిలో మూడవవాని మాట ప్రమాదకరము. తక్కిన ముగ్గురును అబద్ధమాడుట లేదు కాని, ముగ్గురును మూడు వేర్వేరు ప్రశ్నలకు సమాధానములు చెప్పుచున్నారు. మన ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో, ఆ గాలి అచ్చట ఏ పని చేయుచున్నదో ముందు తెలిసికొనవలెను.

బొగ్గుగనుల ప్రాంతమున పాత కార్లు ఇంకను తిరుగుచున్న సంగతి మన శ్రోతలకు క్రొత్త కాదు. 1871లో డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. అచ్చట ఆరంభమైన త్రవ్వకము 1960 దశకమునాటికి గోదావరి ఒడ్డునకు, రామగుండమునకు చేరినది. ఆ వెనుక విద్యుత్కేంద్రములు వచ్చినవి, ఎరువుల కర్మాగారము వచ్చినది. 1978లో జాతీయ థర్మల్ విద్యుత్సంస్థవారి కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. వీటితోపాటు ఎచ్చటెచ్చటినుండియో ఇంజనీర్లు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు వచ్చిరి. వారితో అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు వచ్చినవి. ఆ దినములలో ఒక ఇంట కారు కొనుట యన్నచో పెండ్లి చేసినంత పని. అంబాసిడరు నిర్మాణము 2014లో ఉత్తరపారాలో ఆగిపోయినది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలముందే ఆగినది. అయినను కాలనీల షెడ్లలో, వేపచెట్ల క్రింద, అవి ఇంకను నిలిచియున్నవి, కొన్ని నడుచుచునేయున్నవి.

ఎనిమిదవ ఇంక్లైను కాలనీలో అట్టి కారొకదానిని మేము చూచితిమి. యజమాని గనిలో ఓవర్‌మానుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. "మా పెద్దోడు అమ్మెయ్యమంటడు సార్. ఎట్ల అమ్ముదు? ఇండ్లనే బిడ్డను అత్తగారింటికి సాగనంపిన" అనిరి. వెంటనే, "ఇంజను సంగతి నాకెరుక. గాలి ఎంత కొట్టాల్నో మాత్రం ఒక్కడు సరిగ్గ చెప్పలే" అనిరి. ఆ కారు టైర్లు నడిమిభాగమున నున్నగా అరిగిపోయి, అంచులలో క్రొత్తవానివలె ఉన్నవి. అది ముప్పదియైదు పౌండ్లు కొట్టించిన టైరు కథ. ఆ కథను చదువుట ఎట్లో కొంచెము ఆగి చెప్పెదము.

టైరు అనునది ఒక సంచి. బరువును మోయునది ఆ సంచిలో బిగించిన గాలి. ఒక చక్రముమీద 385 కిలోల బరువు పడుచున్నదనుకొందము. అనగా సుమారు 850 పౌండ్లు. లోపలి గాలి చదరపు అంగుళమునకు 26 పౌండ్ల చొప్పున నెట్టుచున్నచో, ఆ బరువు నిలుచుటకు దాదాపు 33 చదరపు అంగుళముల రబ్బరు నేలకు ఆనవలెను. టైరు గోడల బిగువు కూడ కొంత మోయును గనుక ఈ లెక్క స్థూలమే. కాని స్వరూపము తెలియుటకు చాలును. తపాలా కార్డును తీసి చూడుడు. ఇంచుమించు ఒకటిన్నర కార్డు వైశాల్యము. నాలుగు చక్రములకు కలిపి ఆరేడు కార్డుల మేర రబ్బరు మాత్రమే నేలను పట్టుకొనియుండగా, కుటుంబమంతయు కూర్చున్న కారు రాజీవ్ రహదారిమీద పోవుచున్నది. గాలి తగ్గినచో ఆ మేర పెరుగును, గోడలు మడతపడును. గాలి పెరిగినచో ఆ మేర తగ్గును, బ్రేకునకు, మలుపునకు దొరకు పట్టు సన్నగిల్లును.

కాబట్టి సరియైన గాలి అనునది కారు పేరునుబట్టి నిర్ణయమగు సంఖ్య కాదు. ఆ టైరు, ఆ బరువు, ఆ వేగము, ఈ మూడింటిని కలిపి నిర్ణయించవలసినది. కారు తయారుచేసినవారు తమ పుస్తకమున వ్రాసిన సంఖ్య ఆనాటి టైరుకు, ఆనాటి వేగమునకు వ్రాసినది. పాత డ్రైవరు చెప్పిన ఇరువదినాలుగు అచ్చటినుండి వచ్చినది. ఆ టైరే ఇప్పటికిని ఉన్నచో ఆ మాట నేటికిని మంచి మాటయే. టైరు మారినదా, లెక్క మారును.

ఆనాటి టైరు, ఈనాటి టైరు అనుటలో భేదమేమి? గాలి టైరునకు మొదట పేటెంటు పొందినవాడు రాబర్ట్ విలియం థాంసన్, 1840 దశకమున. అది మరుగునపడగా 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ దానిని మరల కనిపెట్టి లోకమున నిలిపెను. మన దేశమున డన్‌లప్ కంపెనీవారి కర్మాగారము 1936లో హుగ్లీ జిల్లా సాహాగంజ్‌లో వెలసినది. ఆ తరము టైర్లలో రబ్బరు క్రింద నుండు నూలు లేక నైలాను దారపు పొరలు ఒకదానికొకటి ఏటవాలుగా, నులకమంచపు అల్లికవలె అడ్డముగా పరచబడియుండును. వీటిని క్రాస్‌ప్లై టైర్లందురు. గోడలు బిరుసు, తక్కువ గాలితో కూడ నిటారుగా నిలుచును. 1946లో మిషెలిన్ కంపెనీవారు పేటెంటు తీసికొన్న రేడియల్ టైరులో దారములు అంచునుండి అంచునకు నేరుగా పోవును. నడుమ ఉక్కుపట్టీ యుండును. గోడలు మెత్తన. సరిపోవు గాలి ఉన్నప్పుడు కూడ రేడియల్ టైరు క్రిందిభాగమున కొంచెము ఉబ్బినట్లే కనబడును. కంటితో చూచి గాలిని అంచనా వేయు అలవాటు క్రాస్‌ప్లై కాలమున కొంత చెల్లెను; రేడియల్ వచ్చినపిమ్మట అది పనికిరాదు.

ఈ రెంటిని ఒకే ఇరుసునకు కలిపి వేయుట ఎన్నడును కూడదు. తప్పనిసరియై ముందొక జాతి, వెనుకొక జాతి వేయవలసివచ్చినచో రేడియల్ టైర్లు వెనుకనే ఉండవలెను. ముందు వేసినచో మలుపులో ముందు చక్రములు గట్టిగా పట్టును, వెనుకవి జారును. బండి గిరగిర తిరుగును.

పాతదన్నచో తక్కువ గాలి అనుకొనుట కూడ సరికాదు. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూడబోయినవారు అచ్చటి 1912 నాటి రోల్స్ రాయిస్ కారును చూచియుందురు. మోటారు యుగపు ఆ తొలి దశకములలో టైరు అంచున తీగెచుట్ట ఉండెడిది కాదు. అంచు బొద్దుగా, ముక్కువలె చేసి, చక్రపు ఇనుప అంచు మడతలో దూర్చెడివారు. లోపలి గాలి బలమే దానిని ఆ మడతలో పట్టియుంచవలెను. అట్టి టైర్లకు ఏబది, అరువది పౌండ్ల గాలి కావలసియుండెడిది. తగ్గినచో టైరు చక్రమునుండి ఊడి బయటకు దూకెడిది. 1920 దశకమున తీగె అంచు టైర్లు, లావుపాటి బెలూన్ టైర్లు వచ్చినపిమ్మట గాలి ముప్పదికి దిగువకు దిగివచ్చినది. మన అంబాసిడరు, ఫియట్ ఆ మెత్తని సవారీ కాలపు సంతానము.

ఇక ప్రక్కగోడమీది లిపి. అంబాసిడరుమీద 5.90-15 అని ఉన్నచో టైరు వెడల్పు 5.90 అంగుళములు, చక్రపు వ్యాసము 15 అంగుళములు అని అర్థము. ఆరు ప్లై, నాలుగు ప్లై అని వ్రాసినది ఇప్పుడు పొరల సంఖ్య కాదు; బలమునకు గుర్తు మాత్రమే. అటువెనుక చిన్న అక్షరములలో గరిష్ఠ భారము, గరిష్ఠ పీడనము ఉండును. మన విద్యార్థి చదివినది దీనినే. అది టైరు ఓర్చుకొనగల హద్దు. మీ కారునకు ఇచ్చిన సలహా కాదు. బొగ్గులారీమీద గరిష్ఠ భారము వ్రాసియున్నంతమాత్రమున ప్రతి ప్రయాణమునకు అంత బొగ్గు నింపుమని అర్థము కాదు గదా. (లారీవారు అట్లే అర్థము చేసికొనుచున్నారను విమర్శ ఉన్నది, అది వేరొక ప్రసంగము.)

పుస్తకములోని సంఖ్యను తీసికొనునప్పుడు కొలమానమును కూడ చూడవలెను. ఆంగ్లేయ వంశపు కార్ల పుస్తకములలో పౌండ్లుండును. ఇటలీ వంశపు ఫియట్ పుస్తకములలో చదరపు సెంటీమీటరునకు కిలోగ్రాములని ఉండవచ్చును. ఒక కిలో 14.2 పౌండ్లకు సమానము. 1.7 అని ఉన్నచో 24 పౌండ్లన్నమాట. బార్ అని ఉన్నచో 14.5తో గుణించవలెను.

పుస్తకము పోయినది, టైరు మారినది. అప్పుడేమి చేయవలెను? మన ప్రాంతమునకు ఇచ్చట ఒక సౌకర్యమున్నది. బొగ్గు నడచు త్రోవలలో లారీలు తూచు కాంటాలు అడుగడుగున ఉన్నవి. ఐదుగురు మనుష్యులతో, పెట్టెలతో, నిండు పెట్రోలుతో కారును కాంటాపైకి నడిపించి, మొదట ముందు చక్రములు మాత్రము, తరువాత వెనుక చక్రములు మాత్రము పలకపై నిలిపి తూచుడు. లారీ కాంటాలో పది యిరువది కిలోలు అటునిటు అగుట సహజము. మన పనికి అది అడ్డము కాదు. లెక్కకొరకు ముందు 745, వెనుక 770 కిలోలు వచ్చినదనుకొందము. ఇంజను ముందున్న బండి కదా, ఖాళీగా ఉన్నప్పుడు ముందే బరువు. జనము ఎక్కగానే వెనుకది దానిని మించినది. వెనుక ఒక్కొక్క చక్రమునకు 385 కిలోలు.

ఇప్పుడు ఆ కారునకు రేడియల్ టైర్లు వేసియున్నారని, వాటిమీద భారసూచిక 87 అని ఉన్నదని అనుకొందము. ఆ సూచికకు అర్థము 545 కిలోలు. అదియు 36 పౌండ్ల గాలి ఉన్నప్పుడు. గాలి తగ్గినకొలది మోయు శక్తి తగ్గును. ఐరోపా టైరు పట్టికలలో వాడు లెక్కప్రకారము 30 పౌండ్లవద్ద ఆ టైరు సుమారు 470 కిలోలు, 26వద్ద సుమారు 420 కిలోలు మోయగలదు. మనకు కావలసినది 385. ఇరువదియారుతో గట్టెక్కునుగాని మిగులు తక్కువ. ఎండలో దూరప్రయాణమునకు నూటికి పదునైదు, ఇరువది వంతుల మిగులు ఉండుట మంచిది. అందుచేత 28 లేక 30 అని నిశ్చయింపవచ్చును. పాత డ్రైవరు ఇరువదినాలుగు ఈ టైరునకు చాలదు. పంక్చరు దుకాణపు ముప్పదియైదు ఎక్కువ. క్రాస్‌ప్లై టైర్లే ఉన్నచో పుస్తకములోని సంఖ్యతో బయలుదేరి, నిండు బరువుతోను వేగముగను పోవలసినప్పుడు వెనుక చక్రములకు రెండు మూడు పౌండ్లు కలుపుట ఆనాటి పుస్తకములే చెప్పిన పద్ధతి.

లెక్క సరిపోయినదో లేదో కారునే అడుగవచ్చును. సుద్దముక్కతో టైరు ముఖముపై ఈ అంచునుండి ఆ అంచువరకు అడ్డముగా మందపు గీత గీయుడు. చదునైన రోడ్డున నూరు గజములు తిన్నగా నడిపి దిగి చూడుడు. నడుమ చెరిగి అంచులలో గీత మిగిలినచో గాలి ఎక్కువ. అంచులలో చెరిగి నడుమ మిగిలినచో తక్కువ. అంతటను సమముగా చెరిగినచో సరి. ఓవర్‌మాను గారి టైర్లు ఈ పరీక్షను సుద్ద లేకుండగనే కొన్ని వేల మైళ్ళు చేసి చూపుచున్నవి. ఉక్కుపట్టీ గల రేడియల్ టైరు ముఖము త్వరగా వంగదు గనుక వాటి విషయమున ఈ పరీక్ష కొంత మొగమాటముగా చెప్పును, క్రాస్‌ప్లైకి నమ్మదగినది.

రెండవ పరీక్ష వేడిది. ప్రాతఃకాలమున చల్లని టైరులో గాలి కొలిచి వ్రాసికొనుడు. ఒక అరగంటసేపు మామూలు వేగముతో నడిపి వెంటనే మరల కొలువుడు. నూటికి పదినుండి ఇరువది వంతులవరకు పెరుగుట ఆరోగ్యము. 24 ఉన్నది 27 అయినచో మంచిదే. ముప్పదికి ఎగబ్రాకినదా, టైరు లోలోపల అధికముగా మడతపడి కాగుచున్నదన్నమాట. అనగా మొదటి గాలి చాలలేదు. ఒక్క పౌండైనను పెరగనిచో మొదటి గాలి ఎక్కువని అనుమానింపవలెను. ఈ పరీక్షను ఎండ ముదరకముందే ముగింపవలెను. లేనిచో సూర్యుడు వేసిన పౌండ్లను కూడ టైరు లెక్కలో వ్రాసికొందుము.

గాలి చాలనప్పుడు వేడి పెరుగుననుమాట చాలమందికి తలక్రిందుగా తోచును. ఈ ప్రాంతమున మే నెలలో నలువదియైదు డిగ్రీలు దాటుట అరుదు కాదు. రోడ్డు అంతకంటెను వేడి. ప్రతి వేసవిలోను టైరు ప్రేలి కారు పల్టీకొట్టిన వార్తలు వినబడును. ఎండకు గాలి వ్యాకోచించును గనుక టైరు ప్రేలినదని జనము తీర్మానించి, ఎండకాలము గాలి తగ్గించుట మొదలిడుదురు. తీర్మానములో మొదటి సగము నిజము. లెక్క చూడుడు. పదునైదు డిగ్రీల చలిలో 24 పౌండ్లుంచిన టైరు ఏమియు కదలకయే నలువదియైదు డిగ్రీలకు చేరినచో 28 చూపును. నాలుగు పౌండ్లు. మంచి టైరు అంతకు రెట్టింపు పెరుగుదలనైనను లెక్కపెట్టదు. తయారుచేసినవారు వేడెక్కునని తెలిసియే చల్లని టైరు సంఖ్యను వ్రాసిరి.

టైరును చంపునది మడత. గాలి తక్కువైనప్పుడు చక్రము తిరిగిన ప్రతిసారియు గోడ మడతపడి మరల నిటారగును. గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగమున ఇట్లు సెకండునకు పదిసార్లకు పైగా జరుగును. ఇనుపతీగెను అటునిటు వంచి చూడుడు, వంచినచోట కాలును. రబ్బరు వేడిని త్వరగా విడువదు. లోపలి పొరలు అతుకు విడిపోవును, దారము తెగును. అప్పుడు మిగిలిన గాలి ఒక్కమారుగా బయటపడును. చూచినవారు గాలి ఎక్కువై ప్రేలినదందురు. పాత కారునకు పాత టైరు కూడ తోడైనచో చెప్పనక్కరలేదు.

వేడి గాలిని కొలిచి తగ్గించుట ఎంత ప్రమాదమో ఒక ఉదాహరణము. హైదరాబాదునకు బయలుదేరినవారు కరీంనగరువద్ద మధ్యాహ్నము ఆగి, డెబ్బది డిగ్రీలకు కాగిన టైరును కొలిపించి, 'ఎక్కువైనది' అని 24కు దించిరనుకొందము. మరునాటి వేకువకు ఆ టైరు ఇరువదియేడు డిగ్రీలకు చల్లారినప్పుడు అందులో మిగులునది 19 పౌండ్లే. అదే టైరుతో, అదే జనముతో, వారు తిరుగు ప్రయాణము కట్టుదురు. వేడిమీద ఉన్నప్పుడు గాలి తీయరాదను ఒక్క నియమము పాటించినను చాలవరకు క్షేమము. మరి ఋతువులు మారినప్పుడో? మే నెల తెల్లవారుజామున సరిచేసిన గాలి జనవరి తెల్లవారుజామునకు చలివలననే రెండు పౌండ్లు తగ్గియుండును. నెలకొకటి రెండు పౌండ్లు ట్యూబులోనుండి ఊరక ఊటవలె పోవుచుండును. అది వేరు.

ఈ విషయమును గనులలోని టైరు పనివారికి మనము చెప్పనక్కరలేదు. ఓపెన్‌కాస్టు గనులలో మట్టిని, బొగ్గును మోయు డంపర్ల టైర్లు మనిషికంటె ఎత్తైనవి. ఒక్కొక్కటి లక్షల ఖరీదు. వాటికి టన్ను-కిలోమీటరు-గంట అను కొలమానము వాడుదురు. టైరు మోసిన సగటు బరువును సగటు వేగముతో గుణించినచో వచ్చునది; ఆ సంఖ్య దాటినచో టైరు లోపల వేడి హద్దు దాటుననుట. అనగా, పెద్ద బండ్లవారు టైరును వేడితో కొలుచుచున్నారు. ఇంటి కారువారు మాత్రము బూటుకాలితో ఒక తన్ను తన్ని, "బాగానే ఉన్నది" అనుచున్నారు.

ముందు వెనుకల భేదము మరియొక సూక్ష్మము. అన్ని చక్రములకు ఒకే గాలి కొట్టుట దుకాణములకు సులువు; పాత కార్లకు అది ఎల్లప్పుడు సరిపడదు. ఇంజను వెనుకనుండు కార్ల కథ దీనికి పెద్ద నిదర్శనము. అమెరికాలో 1960లో వచ్చిన షెవ్రొలె కార్వేర్ కారునకు కంపెనీవారు చెప్పినది ముందు 15, వెనుక 26 పౌండ్లు. వెనుకభాగము జారకుండ నిలుచుటకు ఆ భేదమే ఆధారము. గాలి కొట్టువారికి, యజమానులకు ఆ సంగతి పట్టలేదు. 1965లో రాల్ఫ్ నాడర్ తన గ్రంథమున ఆ కారుపై తీవ్ర విమర్శ చేసినప్పుడు ఈ టైరు గాలి విషయము కూడ అందులో వచ్చినది. యజమాని మరచినచో ప్రాణము తీయు భేదముమీద కారును నిలబెట్టుట ధర్మమా అని. 1972లో ప్రభుత్వ పరీక్షలు ఆ కారు తోటి కార్లకంటె అధ్వాన్నము కాదని తేల్చినవి. వాదము ఎట్లున్నను, మన అంబాసిడరు అంత చపలమైనది కాదు. అయినను వెనుక చక్రములలో ముందువానికంటె గాలి తగ్గుట మాత్రము దానికిని మేలు చేయదు; తోక ఊపును.

గాలి తగ్గినప్పుడు మొదట ఫిర్యాదు చేయునది చేతులు. పవర్ స్టీరింగు లేని ఆ పెద్ద చక్రము రాయివలె బిగియును. ఎక్కువైనప్పుడు ఫిర్యాదు చేయునది నడుము. ఆపైన కీళ్ళ రబ్బరు బుష్షులు, కింగుపిన్నులు. ఈ విడిభాగములు ఇప్పుడు దొరకుట ఎంత కష్టమో యజమానులకే తెలియును.

వానకాలపు సంగతి రెండు మాటలలో చెప్పెదము. నీరు నిలిచిన రోడ్డుమీద ఒక వేగము దాటినచో టైరు నీటిని చీల్చలేక దానిపై తేలును. స్టీరింగు, బ్రేకు రెండును పనిచేయవు. అమెరికా అంతరిక్ష పరిశోధన సంస్థవారు విమానముల టైర్లపై 1960 దశకమున చేసిన పరిశోధనలో, గాలి పౌండ్ల వర్గమూలమును 10.35తో గుణించినచో ఆ వేగము గంటకు మైళ్ళలో వచ్చునని స్థూలముగా తేలినది. ఇరువదియైదు పౌండ్లున్నచో 52 మైళ్ళు, అనగా 83 కిలోమీటర్లు. పదునారుకు దిగినచో 41 మైళ్ళు, అనగా 66 కిలోమీటర్లు. అరిగిన టైరునకు ఈ భరోసా కూడ ఉండదు.

ఇక కొలుచు పరికరము. పెట్రోలు బంకులలో గాలి ఉచితముగా ఇయ్యవలెనను నియమమున్నది. కాని అచ్చటి మీటరు ఎంత నమ్మదగినదో చెప్పలేము. సొంత గేజి ఒకటి కొనుడు. అది ఒక పౌండు తప్పు చూపినను, ప్రతిసారియు అదే తప్పు చూపును గనుక పోల్చుకొనవచ్చును. బంకు దూరమైనచో అచ్చటికి చేరునప్పటికే టైరు వేడెక్కును; అందుచేత ఇంటివద్ద చల్లగా ఉన్నప్పుడే కొలిచి, ఏ చక్రమునకు ఎన్ని పౌండ్లు తక్కువో వ్రాసికొనిపోయి, అచ్చటి మీటరు ఎంత చూపినను దానిపై అన్ని పౌండ్లు కలుపుమనవలెను. నత్రజనివిషయమై చాలమంది అడుగుచుందురు. మనము పీల్చు గాలిలో నూటికి డెబ్బదియెనిమిది వంతులు నత్రజనియే. దానికి డబ్బిచ్చుటలో తప్పులేదు, లాభమును పెద్దగా లేదు.

బొగ్గుపొడి మన ప్రాంతపు ప్రత్యేక శత్రువు. వాల్వు మూత పోయిన చక్రమునకు గాలి కొట్టినప్పుడెల్ల ఆ సన్నని నలుసు లోనికి పోయి వాల్వు ముల్లును సరిగా మూసికొననీయదు. గాలి రోజుకింత దిగిపోవుచుండగా యజమాని పంక్చరు వెదకుచుండును. సబ్బునీటి బొట్టు వాల్వుపై వేసి చూడుడు. బుడగ లేచినచో ముల్లు మార్చిన చాలును. రెండు రూపాయల మూత కొనుటకు బద్ధకించి ట్యూబు మార్చినవారిని ఎరుగుదుము.

పాత కార్లలో అధికభాగము నడచుటకంటె నిలుచుటయే ఎక్కువ. నెలలకొలది ఒకేచోట నిలిచిన టైరు నేలకానినచోట చదునుబడును. అట్టి కార్లను కొయ్యదిమ్మెలపై ఎత్తియుంచుట ఉత్తమము. కానిచో ఏడెనిమిది పౌండ్లు అదనముగా నింపి, రెండు వారములకొకమారు చక్రమును పాతిక వంతు త్రిప్పి నిలుపవలెను. రోడ్డెక్కుటకు ముందు ఆ అదనపు గాలిని తీయుట మరువరాదు. టైరు ముఖమున గాడి లోతుగా ఉన్నంతమాత్రమున అది మంచి స్థితిలో ఉన్నదనుకొనకుడు. ప్రక్కగోడమీద నాలుగంకెల ముద్ర ఉండును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున తయారైనదని అర్థము. పది సంవత్సరములు దాటిన టైరును, గోడలపై వెంట్రుకవాసి బీటలున్న టైరును, ఎన్ని పౌండ్లు నింపినను నమ్మరాదు. ఏబది సంవత్సరములు దాటి, మార్పుచేర్పులులేని కార్లకు 2021లో కేంద్రప్రభుత్వము వింటేజి వాహనములని ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పరచినది. వాటిని నిత్యమును త్రిప్పరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసికొనిపోవచ్చును. అట్టివానికి ఈ నిలువ రోగము మరింత ఎక్కువ.

చివరకు డిక్కీలోని అయిదవ చక్రము. దానిని మనదేశమున స్టెప్నీ అందురు. వేల్సు దేశమున లనెల్లీ పట్టణపు స్టెప్నీ వీథిలో 1904 ప్రాంతమున అదనపు చక్రములు చేసి అమ్మిన దుకాణమునుండి ఆ పేరు వచ్చినది. ఆ దేశమువారు ఆ మాటను చాలవరకు మరచిరి, మనము మరువలేదు. మాటను మరువకున్నను చక్రమును మరచుచున్నాము. ఓవర్‌మాను గారి స్టెప్నీకి గేజి పెట్టినప్పుడు ముల్లు ఎనిమిదివద్ద నిలిచినది. వెనుక చక్రములకు కావలసిన దానికంటె రెండు పౌండ్లు ఎక్కువగా నింపి పెట్టుకొనుడు. ఏ చక్రమున వేయవలసివచ్చినను, అవసరమైనంత గాలిని దారిలో తీయవచ్చును. మంథని త్రోవలో అర్ధరాత్రి గాలి నింపువారు దొరకరు.